కుర్చీ బొమ్మ మీద ఎర్ర చుక్క

"ఆగండాగండి! ఆ చేతులతోనే లోపలికొచ్చేస్తారా?"

ఫ్రేముల అబ్బాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. చంకకో పటం చొప్పున రెండు పటాలు ఇరికించుకుని, రసీదు పళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాడు.

"మరి ఏ చేతులతో రమ్మంటారండీ? నాకున్నవి ఇవే," అన్నాడు రసీదు జారిపోకుండా.

"అద్దం నిండా వేలిముద్రలు! దొంగల్ని పట్టుకోడానికైతే పనికొస్తాయి. మాకు బొమ్మలు కనపడాలి."

"తుడిస్తే పోతాయి కదండీ."

"ఎవరు తుడవాలి?"

"నేనే తుడుస్తాను. మీరు అరవకండి, బొమ్మలు జడుసుకుంటాయి."

చిన్న మేడమ్‌కి ఒళ్ళు మండింది. గుడ్డ తీసి అతని మీదికి విసిరినంత పని చేసింది.

ఆ గ్యాలరీ యజమానురాలిని అందరూ పెద్ద మేడమ్ అంటారు. కాబట్టి గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చునే ఈ అమ్మాయి చిన్న మేడమ్ అయింది. పేరుకే మేడమ్. పొద్దున్నే తలుపులు తియ్యడం, పటాలు తుడవడం, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం, వెళ్ళేవాళ్ళు మర్చిపోయిన గొడుగులు పట్టుకుని వెనకాల పరిగెత్తడం, అన్నీ ఆమే. గ్యాలరీ అన్నానని మరీ గొప్పగా ఊహించుకోకండి. ఒక పాత మేడలో కింది వాటా, ముందు హాలు, వెనక రెండు గదులు, హాలు మధ్యలో ఒక బెంచీ. అంతే. అయినా ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. అంతకుముందు ఒక బీమా ఆఫీసులో ఫోన్లెత్తి ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ తినేది. ఇక్కడ రంగుల వాసన మధ్య కూర్చుంటే పొద్దే తెలిసేది కాదు.

అతను బుద్ధిగా అద్దాలు తుడుస్తున్నాడు. ఆమె రసీదు మీద టిక్కు పెట్టడానికి పెన్సిలు వెతుకుతోంది. కాగితాలు ఎత్తింది, సొరుగు లాగింది, బల్ల కింద చూసింది. అతను పెదాలు బిగబట్టి ఏదో ఆపుకుంటున్నాడు.

"ఏంటి?"

"ఏం లేదండీ."

"నవ్వొస్తోందా?"

"అబ్బే! మీ ముందు నవ్వేంత ధైర్యం నాకెక్కడిదండీ?"

అతను గోడల వైపు చూశాడు. "ఈ పెద్దది వెనక గదిలోకి కదా. మరి ఈ చిన్నది ఎక్కడ పెడతారు?"

"అదిగో, ఆ గోడకి. సరిగ్గా నా బల్లకెదురుగా."

అతను గోడను చూశాడు. మధ్యలో ఉన్న బెంచీని చూశాడు. గుమ్మంలోంచి వెలుతురు పడుతున్న ఆమె బల్లను చూశాడు. చేతిలో పటాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"దీని అద్దానికి గీత పడిందండీ. మార్చి రేపు తెచ్చిస్తాను."

"గీతా? ఎక్కడ?"

"మీకు కనపడదులెండి. మా కంటికే కనపడుతుంది."

అతను పటం పట్టుకుని వెళ్ళిపోయాక చాలాసేపటికి, తల దురద పెట్టి చెయ్యి పెడితే, జుట్టుముడిలో గుచ్చిన పెన్సిలు చేతికి తగిలింది. తల కొట్టేసినట్టయింది చిన్న మేడమ్‌కి.

* * *

మర్నాడు అతనే పటం తెచ్చాడు. మేకు తనే కొట్టి, మట్టం చూసి తగిలించాడు. తగిలించాక బెంచీ మీద కూర్చుని ఓసారి చూసుకుని, "సరిగ్గా కుదిరింది," అన్నాడు తృప్తిగా.

ఇక ఆ రోజు మొదలు మధ్యాహ్నం భోజనాల వేళ దాటగానే హాజరు. ఫ్రేముల కొట్టు పక్క వీధిలోనే. అతని పెదనాన్నది. అక్కడ ఇంత ముద్ద నోట్లో వేసుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చి, ఆమె ముందు రెండు చేతులూ చాపి చూపించేవాడు.

"వేలిముద్రలు లేవండీ."

"సరే, వెళ్ళండి."

వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాడు. ఆమెకి వీపు పెట్టి, ఆ చిన్న పటానికి ఎదురుగా. అరగంటసేపు కదిలేవాడు కాదు.

మొదట ఫ్యాను గాలికి వస్తున్నాడనుకుంది. కునుకు తీస్తున్నాడేమోనని ఓసారి కావాలనే స్టూలు కింద పడేసి చూసింది. అతను ఉలిక్కిపడలేదు, భుజాలు మాత్రం నవ్వుతున్నట్టు కదిలాయి. కునుకు కాదు. నిజంగానే చూస్తున్నాడు. గ్యాలరీకి వచ్చేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. పటానికో చూపు పడేసి, ఫోను ఛార్జింగ్ పెట్టుకోడానికి ప్లగ్గు ఎక్కడుందని అడిగేవాళ్ళే ఎక్కువ. ఒకే ఒక్క బొమ్మను రోజూ వచ్చి ఇంత శ్రద్ధగా చూసే మనిషి ఇతనొక్కడే.

"అందులో ఏం చూస్తారండీ అంతసేపు?" అని అడిగేసింది ఒకరోజు.

"చాలా ఉందండీ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"నిన్న చూసిందేగా!"

"నిన్నటిది వేరు, ఇవాళ్టిది వేరు. రోజూ ఏదో ఒకటి కొత్తగా కనపడుతుంది." బొమ్మ వైపే చూస్తూ, "ఇవాళ ఎందుకో కొంచెం దిగులుగా ఉన్నట్టనిపించింది," అన్నాడు.

చిన్న మేడమ్ తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. ఆ పొద్దున్నే పెద్ద మేడమ్ చేత చీవాట్లు తిని, తన దిగులులో తనుంది. ఇతనేమో నోరూ వాయీ లేని బొమ్మలో దిగులు చూస్తున్నాడు. ఎంత సున్నితమైన మనసో అనుకుంది.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పింది. వంటింట్లో చెప్పింది, బట్టలు మడతపెడుతూ చెప్పింది, పడుకోబోతూ ఇంకోసారి చెప్పింది.

"నువ్వు చెప్పేది బొమ్మ గురించా, మనిషి గురించా?" అంది అమ్మ.

"బొమ్మ గురించే!"

"మరి ఆ బొమ్మకి చామనఛాయ, ఉంగరాల జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా ఎందుకున్నాయే?"

"పోమ్మా!" అని దుప్పటి ముసుగు తన్నేసింది. లోపల మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అన్ని రోజుల్లో అతను ఒక్కసారి, కనీసం పొరపాటున, ఆమె కోసం వెనక్కి తిరిగి చూడలేదు. పటం మీద ఈర్ష్య పడిన ఆడపిల్ల లోకంలో తనొక్కతే అయ్యుంటుందని ఆమెకి నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

* * *

ఒకరోజు వాన పట్టుకుంది. అరగంట దాటినా అతను కదల్లేదు. హాల్లో వాళ్ళిద్దరే. తలుపు సగం తీసి ఉంది. వాన చప్పుడు వింటూ ఆమె గ్లాసుతో నీళ్ళు తాగుతోంది.

"చిన్న మేడమ్, ఒక మాట అడగనా?"

"అడగండి."

"ఈ పటాన్ని ఎవరైనా కొనేస్తే?"

"కొంటే మంచిదేగా. గ్యాలరీ ఉన్నదే అందుకు."

"అవుననుకోండి." అతని గొంతులో హుషారు పోయింది. "కానీ ఎవరో వచ్చి తీసుకుపోతే, నేనిక ఇక్కడికొచ్చి ఏం చూడాలి?"

ఆ మాట అతనెంత దిగులుగా అన్నాడంటే, చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. వాన తగ్గాక అతను వెళ్ళిపోయాడు. అతని మాట మాత్రం వెళ్ళలేదు.

ఆ గ్యాలరీలో ఒక పద్ధతుంది. అమ్ముడైన పటం పక్కన చిన్న ఎర్ర చుక్క, బొట్టుబిళ్ళంత స్టిక్కరు, అంటిస్తారు. చుక్క ఉందంటే ఇక దాన్ని ఎవరూ అడగరు. కొనేవాళ్ళు ఖాయం చేసుకుని, పెద్ద మేడమ్ స్వయంగా చెబితే తప్ప చుక్క పెట్టకూడదు. ఉద్యోగంలో చేరిన రోజున ఆవిడ చెప్పిన మొదటి మాట అదే.

చుక్కలుండేది ఆమె సొరుగులోనే. నెలాఖరుకి ఈ ప్రదర్శన అయిపోతుంది. అమ్ముడుపోనివి తిరిగి చిత్రకారుడి ఇంటికి వెళ్ళిపోతాయి. అప్పుడు ఫ్రేముల అబ్బాయే వెళ్ళి ఆయన్ని అడిగి, నిదానంగా డబ్బిచ్చుకుంటానని తీసుకోవచ్చు. అప్పటిదాకా ఎవరి కన్నూ పడకుండా ఉంటే చాలు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకుంది. లేచింది, వెళ్ళి చుక్క అంటించేసింది.

మర్నాడు చుక్క చూసి ఫ్రేముల అబ్బాయి మొహం మాడిపోయింది.

"అమ్ముడైపోయిందా?"

"కంగారు పడకండి. ఇప్పుడప్పుడే ఎక్కడికీ వెళ్ళదు," అంది ముసిముసిగా నవ్వుతూ. అంతకు మించి చెప్పలేదు.

* * *

నష్టం లేదనుకున్నది ఎంతోకాలం నిలవలేదు.

కళ్ళ డాక్టరు గారొకాయన ఆ పటం మీద మనసు పడ్డాడు. ముందోసారి వచ్చి చూసి, ఇంట్లో అడిగి వస్తానని వెళ్ళాడు. ఈసారి వచ్చేసరికి ఎర్ర చుక్క. "అయ్యో, కాస్త తొందరపడాల్సింది," అని నొచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ పటం గీసిన పెద్దాయన ఈ డాక్టరు దగ్గరే కళ్ళు చూపించుకుంటాడు. పరీక్ష చేస్తూ డాక్టరు, "మీ కుర్చీ బొమ్మ ఎవరో ఎగరేసుకుపోయారండీ," అనేశాడు.

పెద్దాయన ఆ సాయంత్రమే గ్యాలరీకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూలగుత్తి.

"ఎవరమ్మా నా కుర్చీని తీసుకున్నది? ఒక్కసారి కలవాలనుంది. అది మా ఆవిడ కూర్చునే కుర్చీ. ఆవిడ పోయాక వేశాను. ఎవరికీ నచ్చదేమో అనుకున్నాను."

ఆ మాటలు విని పెద్ద మేడమ్ వెనక గదిలోంచి వచ్చింది. పటాన్ని చూసింది, పక్కన చుక్కను చూసింది, బల్ల దగ్గర తల దించుకున్న అమ్మాయిని చూసింది.

"క్షమించండి," అంది పెద్దాయనతో. "అది అమ్ముడవలేదు. మా వల్ల పొరపాటు జరిగింది."

పెద్దాయన చేతిలో పూలగుత్తి వైపు చూసుకున్నాడు. "ఫరవాలేదమ్మా, ఫరవాలేదు," అని పూలు బల్ల మీద పెట్టి, మెట్లు చూసుకుంటూ మెల్లగా దిగి వెళ్ళిపోయాడు. కోప్పడినా బాగుండేదనిపించింది చిన్న మేడమ్‌కి.

"చుక్క నువ్వే పెట్టావా?"

"నేనే మేడమ్."

"ఎవరైనా అడిగారా?"

ఫ్రేముల కొట్టు పేరెత్తితే రేపు అతని పెదనాన్నకి ఈ గ్యాలరీ పనే పోవచ్చు. పైగా అతను నిజంగా అడగలేదు కూడా.

"లేదు మేడమ్. నా అంతట నేనే."

పెద్ద మేడమ్ అరవలేదు. అరిచే మనిషి కాదు. "ఈ గోడల మీద ఉన్నవేవీ నావి కావు. నాకంటూ ఉన్నది ఆ చుక్క మీద జనానికున్న నమ్మకమే. ఇక నిన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోలేను. రేపు తాళంచెవి ఇచ్చి వెళ్ళు," అంది.

గోడ మీద చుక్కను గోటితో ఒలిచి ఆమె అరచేతిలో పెట్టింది. ఏం చెయ్యాలో తోచక ఆమె దాన్ని ఫోను వెనక అంటించుకుంది.

* * *

మర్నాడు తాళంచెవి ఇచ్చేసి మెట్లు దిగుతుంటే ఫ్రేముల అబ్బాయి ఎదురయ్యాడు. తడి చేతులు, చంకలో గొడుగు. చినుకులు మొదలయ్యాయి.

"ఇవాళ సెలవా చిన్న మేడమ్?"

"ఇక రోజూ సెలవే. ఉద్యోగం పోయింది."

"పోయిందా? ఎలా పోయింది?"

ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. కానీ రాత్రంతా దాచుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఎలాగేంటి, మీ బొమ్మ కోసమే! ఎవరైనా కొనేస్తే ఏం చూడాలి అన్నారు కదా. అందుకే అమ్ముడుపోకుండా నేనే చుక్క పెట్టాను. అది కాస్తా బయటపడింది."

అతను తెల్లబోయాడు. "నా బొమ్మేంటి? ఏ బొమ్మ?"

"ఏ బొమ్మా? రోజూ కూర్చుని చూసేవారే, ఆ బొమ్మ!"

"ఓ, అదా... అంటే... ఆ చెట్టు..."

"చెట్టా?"

"కాదు కాదు. పడవ కదూ?"

చిన్న మేడమ్ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"అందులో ఏముందో మీకు తెలీదా?"

"నీలంగా ఉంటుందండీ," అన్నాడు నీళ్ళు నములుతూ.

"నీలంగా ఉంటుంది! ఇన్నాళ్ళు, అరగంట అరగంటసేపు కూర్చుని, మీకు తెలిసింది నీలంగా ఉంటుందని! ఆ నీలం కోసమా నేను ఉద్యోగం పోగొట్టుకున్నాను? ఒక పెద్దాయన్ని ఏడిపించాను?"

"చిన్న మేడమ్, నేను చెప్పేది ఒక్క నిమిషం..."

"చిన్న మేడమ్ లేదు, పెద్ద మేడమ్ లేదు. జరగండి."

"వాన పెద్దదవుతోంది. గొడుగైనా తీసుకెళ్ళండి!"

"మీ గొడుగు మీరే ఉంచుకోండి. ఇంకా తడిస్తే మీ చెట్టు కింద నించోండి!"

చరచరా నడిచి వెళ్ళిపోయింది. వీధి మలుపు దాటాక వెనక్కి తిరిగి చూస్తే, అతను గొడుగు తెరవడం కూడా మర్చిపోయి అక్కడే తడుస్తున్నాడు. జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఇంకా కోపం వచ్చింది.

ఇంట్లో అమ్మ అంతా విని, తువ్వాలుతో ఆమె తల తుడిచింది.

"అబ్బాయి సంగతి తర్వాత తిట్టుకుందాంలే. ఆ పెద్దాయన మాటేంటి?"

"ఏం చెయ్యనమ్మా?"

"నీ చుక్క చూసి వెళ్ళిపోయిన డాక్టరు గారున్నారుగా. ఆయన కాళ్ళూ వేళ్ళూ పట్టుకునైనా వెనక్కి తీసుకురా. పాడు చేసింది నువ్వే, బాగు చెయ్యాల్సింది కూడా నువ్వే. ఉద్యోగం వస్తుందనా? రాదు. నీకు నిద్ర పడుతుందని."

* * *

కళ్ళ డాక్టరు గారు ఆమె చెప్పినదంతా శ్రద్ధగా విన్నాడు. "చుక్క అబద్ధమా! నేనింకా దానికంటే మంచిది దొరకదని బాధపడుతున్నానమ్మా," అని, ఆ మధ్యాహ్నమే ఆమెతో కలిసి బయల్దేరాడు.

గ్యాలరీలో ఇప్పుడు పెద్ద మేడమే గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చుంటోంది. డాక్టరు గారు పటం దగ్గరగా వెళ్ళి చూశాడు, దూరం జరిగి చూశాడు, బెంచీ మీద కూర్చుని చూశాడు. మొహం చిట్లించాడు.

"బొమ్మ బాగుంది గాని, ఈ అద్దం బాలేదు. కుర్చీ మీద మీ బల్ల కనపడుతోందేంటండీ? మిగతా పటాలకి ఇలా లేదే!"

"అదేంటి?" పెద్ద మేడమ్ లేచి వచ్చింది. ఆ గ్యాలరీలో అన్ని పటాలకీ మెరవని అద్దమే వెయ్యాలి. బొమ్మ చూడవచ్చినవాళ్ళకి వాళ్ళ మొహాలు కనపడకూడదని ఆవిడ పట్టుదల. ఆవిడది పటానికి ముక్కు ఆనించి చూసే అలవాటు. బెంచీ మీద ఎప్పుడూ కూర్చోదు. చిన్న మేడమ్ రోజూ తుడిచేదే గాని, తుడిచేవాళ్ళ కళ్ళు మరకల మీదే ఉంటాయి.

"నువ్వు కూర్చుని చూడమ్మా," అన్నాడు డాక్టరు, చోటిచ్చి.

చిన్న మేడమ్ కూర్చుంది. అన్నాళ్ళూ అక్కడ పనిచేసి, ఆ బెంచీ మీద కూర్చోవడం ఆమెకి అదే మొదటిసారి.

ముదురు నీలం గదిలో ఒక చెక్క కుర్చీ, దాని వీపు మీద మడతపెట్టిన పసుపు శాలువా. అది పెద్దాయన గీసిన బొమ్మ. దాని మీద, అద్దంలో, గుమ్మం వెలుతురు. ఆ వెలుతురులో ఒక బల్ల, నీళ్ళ గ్లాసు, బల్ల వెనక ఖాళీగా ఉన్న ఆమె కుర్చీ. అన్నీ ఉన్నాయి, తనొక్కతే లేదు. బెంచీ ఉన్నచోట వెలుతురు లేదు కాబట్టి, బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఇక్కడున్న మనిషి మొహం అద్దంలో కనపడదు.

నిన్నటిది వేరు, ఇవాళ్టిది వేరు. ఇవాళ ఎందుకో కొంచెం దిగులుగా ఉన్నట్టనిపించింది.

ఆమె చెవులు వేడెక్కాయి. అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదని ఎన్ని రాత్రులు కుమిలిపోయింది! తిరగాల్సిన అవసరమే లేదు ఆ మహానుభావుడికి.

పెద్ద మేడమ్ అప్పటికే ఫ్రేముల కొట్టుకి ఫోను చేసేసింది. పక్క వీధే కదా, పెదనాన్న రొప్పుకుంటూ వచ్చేశాడు. వెనకాలే అబ్బాయి, చేతిలో కొత్త అద్దం.

"ఏరా! మేడమ్ గారి పటానికి మామూలు అద్దం వేశావా? నీకేమైనా మతి పోయిందా?"

అబ్బాయి తలెత్తలేదు. పెద్ద మేడమ్ బెంచీ మీద కూర్చుంది. అద్దంలోకి చూసింది, వెనక్కి తిరిగి బల్లను చూసింది, మధ్యలో ఎర్రబడ్డ రెండు మొహాలనూ చూసింది. ఆవిడ పెదాలు కాస్త కదిలాయి.

"మతి బాగానే ఉందండీ," అంది పెదనాన్నతో. "ఒకరు అద్దం, ఒకరు చుక్క. ఇద్దరూ కలిసి నా గ్యాలరీతో ఆడుకున్నారు. వెళ్ళు నాయనా, వెనక గదిలో అద్దం మార్చి తీసుకురా. డాక్టరు గారికి పటం కావాలి."

డాక్టరు గారు తలూపగానే పెద్ద మేడమ్ సొరుగు తీసి, కొత్త చుక్కను తన చేత్తో గోడకి అంటించింది. పెద్దాయనకి ఫోను కలిపి చిన్న మేడమ్ చేతికిచ్చింది.

"మొన్న నేను చేసింది తప్పండీ," అంది ఆమె, ముక్కు ఎగబీలుస్తూ. "ఈసారి నిజంగా అమ్ముడైంది. మీ కళ్ళ డాక్టరు గారే తీసుకుంటున్నారు."

అవతల పెద్దాయన నవ్వాడు. "ఒకే బొమ్మకి రెండుసార్లు సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటానమ్మా. ఏడవకు."

ఫోను తిరిగి తీసుకుంటూ పెద్ద మేడమ్, "ఉద్యోగం మాత్రం ఇవ్వలేను," అంది మెల్లగా. "కానీ ఇంకోచోట ఎవరైనా నీ గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను. తప్పు చేసింది, తనే వచ్చి దిద్దింది అని. నా మాటకి ఈ ఊళ్ళో కాస్త విలువుంది."

"అంతే చాలు మేడమ్," అంది ఆమె. కళ్ళు తుడుచుకుని వెనక గదిలోకి నడిచింది.

* * *

అతను పటం బోర్లా పెట్టి మేకులు ఊడదీస్తున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"బొమ్మలో ఏముంది?"

"కుర్చీ," అన్నాడు తల వంచుకునే. "ఇప్పుడే చూశాను. శాలువా కూడా ఉంది."

"అది కాదు. మీరు రోజూ చూసిన బొమ్మలో ఏముందో చెప్పండి."

అతని చేతులు ఆగాయి.

"ఒకమ్మాయి ఉంటుందండీ. జుట్టుముడిలో పెన్సిలు పెట్టుకుని ఊరంతా వెతుకుతుంది. ఫోను మోగితే ముందు దాన్నో తిట్టు తిట్టి, తర్వాత తియ్యగా హలో అంటుంది. వాన పడితే తలుపు సగమే వేస్తుంది, చినుకులు చూడాలి కదా. ఎవరూ చూడట్లేదనుకుని ఒకరోజు స్టూలు కింద పడేసింది, పడేసి తనే జడుసుకుంది. ఒకరోజు బాగా దిగులుగా ఉంది. లేచి వచ్చి ఏమైందని అడగాలనిపించింది. అడిగితే చూస్తున్నానని తెలిసిపోతుంది. తెలిస్తే ఇక రానివ్వరేమోనని..."

"నేరుగా చూడొచ్చు కదా?"

"మొదటి రోజే అంతలా అరిచారు! నేరుగా చూసే ధైర్యం ఎక్కడినుంచి తెచ్చుకోను?" అప్పుడు తలెత్తాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "నా వల్లే మీ ఉద్యోగం పోయింది. మీరు పెద్ద మేడమ్‌కి నా పేరు చెప్పలేదు, చెప్పుంటే మా పెదనాన్నకి ఈ పని అప్పుడే పోయేది. ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఎందుకు అద్దం మార్చారో, నేనూ అందుకే."

ఆమె ఫోను తిప్పి, వెనక అంటించుకున్న ఎర్ర చుక్కను జాగ్రత్తగా ఒలిచింది. జిగురు సగం పోయింది. అతని చొక్కా జేబు మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా అదిమింది.

"ఇది కూడా ఉత్తుత్తి చుక్కేనా?" అన్నాడు జేబు చూసుకుంటూ.

"కాదు. ఈసారి కొనేవాళ్ళున్నారు."

"ఏరా, అద్దం మార్చడానికి ఇంతసేపా?" అంటూ పెదనాన్న లోపలికొచ్చాడు. తమ్ముడి కొడుకులా కాదు, కన్నకొడుకులా పెంచిన మనిషి. జేబు చూసి ఆగిపోయాడు. "ఆ చుక్కేంట్రా?"

"అమ్ముడైపోయాను పెదనాన్నా."

పెదనాన్న వాణ్ణి చూశాడు, పిల్లను చూశాడు. బేరాల్లో తల పండిన మనిషి కాబట్టి అలవాటు కొద్దీ, "ఎంతకి?" అన్నాడు.

"ఒక ఉద్యోగానికండీ," అంది చిన్న మేడమ్.

పెదనాన్న నోరు వెళ్ళబెట్టాడు. "అంత పోశావా తల్లీ వీడికి? నన్నడిగుంటే ఊరికే ఇచ్చేవాణ్ణి కదా!" అని, నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకున్నాడు. నవ్వు తగ్గాక భుజం మీద తువ్వాలుతో కళ్ళొత్తుకుని, "మీ అమ్మగారు ఇంట్లో ఎప్పుడుంటారో చెప్పమ్మా. మేము వచ్చి మాట్లాడతాం. అప్పటిదాకా వీడి చేతికి ఏ అద్దమూ ఇవ్వకు," అన్నాడు.

పటం మళ్ళీ గోడెక్కింది. డాక్టరు గారు, పెద్ద మేడమ్ బల్ల దగ్గర ఏదో మాట్లాడుకుంటున్నారు. ఫ్రేముల అబ్బాయి అలవాటుగా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె అతని వెనక నిలబడింది. అతను అటు వంగి చూశాడు, ఇటు వంగి చూశాడు. కొత్త అద్దంలో కుర్చీ, శాలువా తప్ప ఇంకేమీ లేవు.

"ఏమీ కనపడట్లేదు చిన్న మేడమ్."

"అయితే ఇటు తిరగండి," అంది ఆమె.

అతను తిరిగాడు.